జూన్ 20 ప్రైమరీ: సెనేట్ 37లో పీటర్సనా, సలీమా? మీ ఓటెటు?

వియన్నా ఓటరు | మే 7, 2023
అందరికీ నమస్కారం. పౌరసత్వం వచ్చి తొమ్మిదేళ్లయినా అధ్యక్ష ఎన్నికలప్పుడు తప్ప నేను ఓటు వేసిన పాపాన పోలేదు. ఇప్పుడు ప్రైమరీ గురించి అడుగుతున్నానంటే దానికి కారణం మా నాన్నగారు. వయసు డెబ్బై ఒకటి. ఒంగోలు దగ్గర ఉపాధ్యాయుడిగా పనిచేశారు, ఇరవై ఏళ్లు ఎన్నికల విధుల్లో ప్రిసైడింగ్ అధికారిగా వెళ్లారు. ఈ ఫిబ్రవరిలో ఆయనకు పౌరసత్వం వచ్చింది. అప్పటి నుంచి పెట్టెలో పడిన ప్రతి కరపత్రాన్నీ భూతద్దం పెట్టి చదువుతున్నారు. శుక్రవారం ముందస్తు ఓటింగ్ మొదలైందట, ఆ సంగతి నాకు ఆయనే చెప్పారు!

మాది అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర సెనేట్‌లో 37వ నియోజకవర్గం. డెమొక్రాటిక్ ప్రైమరీలో ఇద్దరు: 2008 నుంచి సెనేటులో ఉన్న చాప్ పీటర్సన్, ఆయన మీద కొత్తగా నిలబడిన సద్దాం సలీం. ఎవరికి వేస్తున్నారు, ఎందుకు? కరపత్రాల్లో ఉన్నది నాన్నగారికి కంఠతా వచ్చేసింది. అందులో లేనిది చెప్పండి.

తెనాలి నుంచి | మే 7
అన్నా, ఒక సందేహం. ఇద్దరిదీ ఒకే పార్టీ అయితే పోటీ ఏమిటి? టికెట్ ఎవరికో పార్టీయే తేల్చాలి కదా?

ఫాల్స్‌చర్చ్ ఫణి | మే 7
తమ్ముడూ, అక్కడ బి-ఫారం కోసం ఢిల్లీలోనో హైదరాబాదులోనో గుమ్మాలు పట్టుకుని తిరుగుతారు. ఇక్కడ ఆ బి-ఫారం ఇచ్చేది మేమే. ప్రైమరీ అంటే అంతే. ఇంకో సంగతి, మా నియోజకవర్గంలో నవంబరు ఎన్నిక లాంఛనమే. డెమొక్రాట్ గుర్తు మీద ఎవరు నిలబడితే వాళ్లు గెలుస్తారు. అంటే అసలు ఎన్నిక జూన్ 20నే. నవంబరులో మాత్రమే ఓటు వేసేవాళ్లు పెళ్లి అయిపోయాక భోజనానికి వచ్చినవాళ్లతో సమానం (వియన్నా గారూ, మిమ్మల్ని కాదు లెండి).

నా ఓటు పీటర్సన్‌కే. కారణం చెబుతాను. విద్యుత్ కంపెనీ డొమినియన్ రెండు పార్టీలకూ చందాలిస్తుంది. ఈ రాష్ట్రంలో ఎన్నికల చందాలకు గరిష్ఠ పరిమితే లేదు, ఎవరు ఎంతైనా ఇవ్వవచ్చు. అటువంటి చోట ఆ కంపెనీ దగ్గర డబ్బు తీసుకోకూడదని బిల్లు పెట్టి, సొంత పార్టీ పెద్దలతో కూడా తగవు పెట్టుకున్నవాడు ఈయన. టైసన్స్ వైపు కాసినో తెస్తామన్నప్పుడు అడ్డం తిరిగిందీ ఈయనే. అవునన్నదానికల్లా తలూపని మనిషి ఒకడైనా సభలో ఉండాలి.

నైట్‌షిఫ్టు నర్సు | మే 8
ఫణి గారూ, తలూపని మనిషి అన్నారు, సరే. ఎక్కడ ఊపలేదో కూడా చెప్పండి. 2020లో రాష్ట్రంలోని రెండు సభలూ డెమొక్రాట్ల చేతిలోకి వచ్చాయి. యుద్ధరంగపు తరహా తుపాకుల అమ్మకాన్ని నిషేధించే బిల్లు దిగువ సభలో నెగ్గి సెనేట్ న్యాయ కమిటీకి వచ్చింది. అక్కడ 10-5తో దాన్ని పక్కన పెట్టేశారు. రిపబ్లికన్లతో కలిసి చెయ్యెత్తిన నలుగురు డెమొక్రాట్లలో మీ పీటర్సన్ ఒకరు.

నేను పనిచేసేది ఎమర్జెన్సీ విభాగంలో. తూటా గాయం ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. మా అమ్మాయి మూడో తరగతి. బడిలో తలుపు వేసి, దీపాలు ఆర్పి, నోరు మూసుకుని మూల కూర్చోవడం నేర్పుతున్నారు. ఇంటికొచ్చి బొమ్మలకు కూడా అదే ఆట నేర్పుతోంది. నా ఓటు సలీంకు. ఇక మిగతా విషయాల్లో ఆయన ఎలాంటివాడో తరువాత చూసుకుంటాను.

ఫాల్స్‌చర్చ్ ఫణి | మే 8
అమ్మా, మీ బాధ నాకూ ఉంది, నాకూ ఇద్దరు పిల్లలు. కానీ ఆ నలుగురిలో క్రీ డీడ్స్, స్కాట్ సురోవెల్ కూడా ఉన్నారు. వాళ్లను ఎవరూ ఇంతగా దులపడం లేదే?

నైట్‌షిఫ్టు నర్సు | మే 8
వాళ్లు నా బ్యాలెట్ మీద లేరు కాబట్టి.

లౌడన్ లక్ష్మి | మే 9
మీ గొడవ బాగుంది. మా సంగతి కొంచెం వినండి. మాది సెనేట్ 32. సుహాస్ సుబ్రమణ్యం, ఇబ్రహీం సమీరా నిలబడ్డారు. సుహాస్ 2019లో దిగువ సభకు గెలిచారు, అంతకుముందు ఒబామా శ్వేతసౌధంలో సాంకేతిక విధానాల సలహాదారు. సమీరా దంతవైద్యుడు, ఆయనా మాజీ సభ్యుడే. 2019లో జేమ్స్‌టౌన్‌లో ట్రంప్ మాట్లాడుతుంటే మధ్యలో లేచి నిలబడి అట్ట పట్టుకుని కేకలు వేసింది ఈయనే.

మా వీధిలో ట్రంపులు, ఒబామాలు ఎవరికీ పట్టవు, గ్రీన్‌వే టోలు సంగతే కావాలి. పధ్నాలుగు మైళ్ల ప్రైవేటు రోడ్డుకి రద్దీ వేళల్లో ఒక వైపుకే దాదాపు ఆరు డాలర్లు. ఆ తరువాత డేటా సెంటర్లు. పెరట్లో తులసి కోటకు దీపం పెడితే ఎదురుగా కిటికీల్లేని గోడ కనిపిస్తుంది. ఇళ్లల్లో ఏ అభ్యర్థి పేరు చెప్పినా ముందు టోలు సంగతే అడుగుతున్నారు. టోలు మీద అసెంబ్లీలో పోరాడిన మనిషి అని నేను సుహాస్ వైపు.

అసలు చిక్కు దిగువ సభ 26లో. కన్నన్ శ్రీనివాసన్, శిరీష కొంపల్లి. మా వాట్సాప్ గుంపులో అప్పుడే "మన తెలుగు ఆవిడ" అని ఒక వర్గం, "అరవాయన అయితే ఏం, రాష్ట్ర మెడికెయిడ్ (పేదల ఆరోగ్య బీమా) బోర్డులో పనిచేశాడు" అని ఇంకో వర్గం. పేరు చూసి వేసే ఓటు కోసమేనా ఇంత దూరం వచ్చాం అని అడిగితే నన్ను గుంపులోంచి తీసేస్తారేమో.

పాత కాపు రిచ్‌మండ్ | మే 9
లక్ష్మి గారూ, పేరు చూసి ఓటు వేయడం ఇక్కడ ఐరిష్ వాళ్లూ ఇటాలియన్లూ చేసిన పనే, మనం కొత్తగా కనిపెట్టింది కాదు. మా వైపు సెనేటర్ గజాలా హష్మీ పుట్టింది హైదరాబాదులో, నాలుగేళ్ల వయసులో ఇక్కడికి వచ్చారు. 2019లో ఆమె మొదటిసారి గెలిచినప్పుడు మా ఆవిడ చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. కానీ అప్పుడు ఇంటింటికీ తిరిగి మాట్లాడింది హైదరాబాదు గురించి కాదు, బడుల గురించి, ఆసుపత్రి బిల్లుల గురించి. పేరు గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపల కూర్చోబెట్టేది వేరే.

వియన్నా ఓటరు | మే 14
నిన్న కర్ణాటక ఫలితాలు చూస్తూ నాన్నగారు ఈ వేదిక మొత్తం నా చేత చదివించుకున్నారు. ఆయన ప్రశ్నలు రెండు. ఒకటి: జగదీశ్ శెట్టర్ టికెట్ రాలేదని బీజేపీ వదిలి కాంగ్రెస్‌లోకి వెళ్లి హుబ్బళ్లిలో ఓడారు కదా, రేపు పీటర్సన్ ఓడితే అలా గోడ దూకవచ్చా? రెండు: రిపబ్లికన్లు కూడా వచ్చి ఈ ప్రైమరీలో ఓటు వేస్తే ఆపేవారెవరు?

కోర్టు పక్షి | మే 14
మాస్టారికి నమస్కారం చెప్పండి. మొదటిదానికి జవాబు: కుదరదు. వర్జీనియాలో ప్రైమరీలో నిలబడి ఓడినవారి పేరు అదే పదవికి నవంబరు బ్యాలెట్ మీద అచ్చుకాదు. రెబెల్‌గా నామినేషన్ వేసి, గడువు రోజు సాయంత్రం దాకా బుజ్జగింపులు చేయించుకునే వినోదం మనకు ఇక్కడ లేదు.

రెండోదానికి: ఆపేవారు లేరు, ఆపాల్సిన పనీ లేదు. ఈ రాష్ట్రంలో ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడు పార్టీ ఏదని రాయించుకోరు. ఒకే రోజు రెండు పార్టీలకు ప్రైమరీ ఉంటే ఏదో ఒకదానిలోనే వేయాలి, అంతే నియమం. దీన్ని కొందరు దొంగదారి అంటారు. నాకైతే న్యాయంగానే తోస్తుంది. నవంబరులో పోటీయే లేని చోట, ఆ ఊళ్లో ఉంటున్న రిపబ్లికన్‌కు కూడా తన సెనేటర్ ఎవరో తేల్చుకునే అవకాశం ఇదొక్కటే.

నైట్‌షిఫ్టు నర్సు | మే 14
అందుకే పీటర్సన్ మనుషులు ఆ ఇళ్లకు కూడా వెళ్తున్నారు. 2022లో బడుల్లో మాస్కు పెట్టాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టమని సవరణ తెచ్చిందీ ఈయనే, రిపబ్లికన్ గవర్నర్ యంగ్‌కిన్ దాన్నే సంతకం చేసి చట్టం చేశారు. వాళ్లకు ఇష్టుడే మరి.

ఫాల్స్‌చర్చ్ ఫణి | మే 15
ఆ సవరణకు నేను ఇప్పటికీ దండం పెడతాను. మా చిన్నవాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. టీచరు పెదాలు కనిపించక వాడు పడ్డ అవస్థ నాకు తెలుసు. మీరు ఆసుపత్రి నుంచి చూశారు, నేను వాడి స్పీచ్ క్లాసు నుంచి చూశాను. ఎవరి కిటికీ వారిది.

నైట్‌షిఫ్టు నర్సు | మే 15
ఈ సంగతి నాకు తెలియదు ఫణి గారూ. బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

ఫాల్స్‌చర్చ్ ఫణి | మే 15
ఇప్పుడు ఆపమన్నా ఆపడు.

హెచ్1 పద్నాలుగేళ్లు | మే 20
నాకు ఓటు లేదు, అయినా చదువుతున్నాను. 2009లో వచ్చాను. పన్ను కడుతున్నాను, టోలు కడుతున్నాను, ఇంటి వాయిదా కడుతున్నాను. గ్రీన్‌కార్డు వరసలో నా వంతు ఎప్పుడొస్తుందో లెక్క వేయడం మానేశాను. కార్డు వచ్చినా ఇంకో ఐదేళ్లకు కానీ పౌరసత్వం అడగలేను. ఆ లెక్కన నా ఓటుకన్నా ముందు ఇక్కడే పుట్టిన మా అబ్బాయి ఓటు వేస్తాడు.

అందుకని ఓటు ఉండి కూడా "సమయం లేదు" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. నా దగ్గర ఏడు సీట్ల వ్యాను ఉంది. ముందస్తు ఓటింగ్‌కు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ గవర్నమెంట్ సెంటర్ దాకా వెళ్లాల్సిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే శనివారాలు నేను తీసుకెళ్తాను. ఎవరికి వేస్తారని అడగను.

గుంభనం | మే 24
నిన్నటి తీర్పు చూశారా? మన ఆసియా పిల్లలకు అన్యాయం జరుగుతోందని వేసిన థామస్ జెఫర్సన్ హైస్కూలు ప్రవేశాల కేసులో అప్పీలు కోర్టు 2-1తో స్కూల్ బోర్డు వైపే తీర్పు ఇచ్చింది. ప్రవేశ పరీక్ష ఎత్తేసి, ఒక్కో మిడిల్ స్కూల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒకటిన్నర శాతం మందికి సీట్లు కేటాయించిన 2020 పద్ధతి నిలబడింది. మన పిల్లల నోట్లో మట్టి కొట్టారు. దీని మీద ఈ ఇద్దరిలో ఎవరు గట్టిగా మాట్లాడితే నా ఓటు వారికే. మిగతావన్నీ నాకు కథలు.

కోర్టు పక్షి | మే 24
గుంభనం గారూ, మీ కోపం అర్థమైంది కానీ తలుపు తప్పు తడుతున్నారు. ఆ ప్రవేశాల పద్ధతి పెట్టింది ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు. ఆ బోర్డుకు నవంబరు 7న వేరే ఎన్నిక ఉంది. కేసు ఇంకా సుప్రీంకోర్టు దాకా వెళ్లవచ్చు. సెనేటర్ బిల్లు పెట్టగలడు, కాదనను. అయితే ఆ బిల్లు నెగ్గడానికి ఇరవై మందికి పైగా ఒప్పుకోవాలి. సెనేటు నుంచి నేరుగా మీ అబ్బాయికి సీటు రాదు.

గుంభనం | మే 24
అయితే జూన్ 20న మా వీధి చివర రోడ్డు గుంట పూడ్చేదెవరని అడగమంటారా?

కోర్టు పక్షి | మే 24
అది మాత్రం తప్పు తలుపు కాదు, కాస్త సరైనదే. ఈ రాష్ట్రంలో చాలా కౌంటీల రోడ్లు రాష్ట్ర రవాణా శాఖవి. నిజంగానే సెనేటర్‌ను అడగండి.

తెనాలి నుంచి | మే 25
సెనేటర్‌కి జీతం ఎంత అన్నా? కారు, గన్‌మన్ ఇస్తారా?

పాత కాపు రిచ్‌మండ్ | మే 25
సంవత్సరానికి 18,000 డాలర్లు. నెలకు కాదు. సమావేశాల రోజుల్లో భత్యం వేరే. సరి సంవత్సరాల్లో అరవై రోజులు, బేసి సంవత్సరాల్లో నలభై ఆరు రోజులు కూర్చుంటారు, తరువాత ఎవరి పనికి వారు వెళ్తారు. పీటర్సన్ న్యాయవాది. సమావేశాలప్పుడు క్యాపిటల్ దగ్గర కాఫీ కోసం వరసలో నిలబడ్డ సెనేటర్ల వెనక నేనూ నిలబడ్డాను. ఒక సెనేటర్ కింద సుమారు 2,16,000 మంది జనాభా. మన ఎమ్మెల్యే నియోజకవర్గం కన్నా కాస్త తక్కువ అనుకోండి. వాహన శ్రేణి మాత్రం ఊహించుకోవద్దు.

వియన్నా ఓటరు | జూన్ 4
ఇవాళ మా ఇంట్లో పెద్ద సభే జరిగింది. సలీం తరఫున ఒక అమ్మాయి తలుపు కొట్టింది, కాలేజీ పిల్ల. నాన్నగారు లోపలికి పిలిచి, మజ్జిగ ఇచ్చి, ముప్పావు గంట ప్రశ్నించారు. ఆయన బంగ్లాదేశ్ నుంచి చిన్నప్పుడు వచ్చాడని, కుటుంబం ఇల్లు పోగొట్టుకుని తలదాచుకోవడానికి చోటు లేని రోజులు చూసిందని ఆ అమ్మాయి చెప్పింది. నాన్నగారు "కష్టపడ్డాడు, మంచిది. కానీ కష్టం అర్హత కాదు. గెలిస్తే ఏ కమిటీ అడుగుతాడు?" అన్నారు. ఆ అమ్మాయి నిజాయతీగా "తెలుసుకుని చెబుతాను" అని రాసుకుంది. ఆమె వెళ్లాక "తెలియదని ఒప్పుకున్న కార్యకర్తను ఇన్నేళ్లలో ఇప్పుడే చూశాను" అన్నారు. అది మార్కులు వేయడమో తీసేయడమో నాకు అర్థం కాలేదు.

మా పెదనాన్న ఫోనులో "పేరు సద్దామా? ఆ పేరు పెట్టుకున్నవాడికి ఎవరు వేస్తారు?" అన్నారు. నాన్నగారు "నా పేరు పెట్టింది మా తాత. నన్నడిగి పెట్టలేదు" అని ఫోను పెట్టేశారు.

గుంభనం | జూన్ 5
మాస్టారు గారిని స్కూల్ బోర్డుకు నిలబెట్టండి. నా ఓటు ఖాయం.

ఫాల్స్‌చర్చ్ ఫణి | జూన్ 10
క్షేత్రం నుంచి సమాచారం. నాకు కొంచెం దిగులుగా ఉంది. మా ఫాల్స్‌చర్చ్ ఊరు పాత హద్దుల్లో సెనేటర్ డిక్ సాస్లా కింద ఉండేది, పీటర్సన్ ఇక్కడ కొత్త. 2021 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు నియమించిన ఇద్దరు నిపుణులు నియోజకవర్గాల పటం మొత్తం చెరిపి కొత్తగా గీశారు. ఏ సభ్యుడి ఇల్లు ఎక్కడుందో పట్టించుకోలేదు. అందుకే ఈసారి సాస్లా, జానెట్ హోవెల్ లాంటి పాతకాపులు తప్పుకున్నారు. మా వీధిలో పీటర్సన్ పేరు అడిగితే "ఎవరాయన?" అన్నవాళ్లే ఎక్కువ. పదిహేనేళ్ల సేవ ఉన్న మనిషి పరిచయం చేసుకోవాల్సి రావడం చూస్తే మనసు చివుక్కుమంది.

ఒక హెచ్చరిక కూడా. బ్యాలెట్ కాగితం అందరికీ ఒకటే ఉండదు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ సిటీలో ప్రాసిక్యూటర్ పదవికి డెస్కానో, నటల్ పోటీ కూడా కనిపిస్తుంది. మాకు అది ఉండదు, మాది ఆర్లింగ్టన్‌తో కలిపి వేరే పోటీ.

నిర్వాహకులు | జూన్ 11
డెస్కానో గురించి వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాం. చర్చ వద్దని కాదు, మాటలు బాగాలేవని. వేరే అంశంగా మొదలుపెట్టుకోండి, మర్యాదగా.

నైట్‌షిఫ్టు నర్సు | జూన్ 17
వేసేశాను. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వెళ్లాను, వరసలో నా ముందు ముగ్గురే. పేపరు మీద వృత్తాన్ని పెన్నుతో నింపి యంత్రంలో పెట్టాలి. నా కాగితం మింగాక అది చేసిన చిన్న చప్పుడు విని ఎందుకో కళ్లు చెమర్చాయి. నిద్ర లేకపోవడం వల్ల కావచ్చు.

వియన్నా ఓటరు | జూన్ 20, సాయంత్రం
ముందస్తుగా వేద్దామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. పోలింగ్ రోజునే వేయాలట. ఉదయం ఆరింటికి తలుపు తీస్తారంటే ఐదున్నరకే ఇస్త్రీ చొక్కాతో కారు పక్కన నిలబడ్డారు. లోపల అన్నీ తనిఖీ చేశారు: బల్లలు ఎలా వేశారు, ఏజెంట్లు ఎక్కడ, పెట్టెకు సీలు ఎక్కడ. కాగితం యంత్రంలో పెట్టాక అక్కడున్న ఆవిడ ముందు ఎడమ చూపుడు వేలు చాచారు. ఆవిడ తెల్లబోయి నవ్వి, గుండ్రటి స్టిక్కరు ఒకటి ఆ వేలికే అంటించింది. "సిరా లేకపోతే రెండోసారి రాడని నమ్మకం ఏమిటి?" అని దారంతా నన్ను నిలదీశారు. జాబితాలో పేరు పక్కన గుర్తు పెడతారని చెప్పాను. "జాబితాలు నేనూ చూశాను లే" అన్నారు.

ఎవరికి వేశారో చెప్పలేదు. రహస్య ఓటు అన్నారు. నేను పీటర్సన్‌కు వేశాను. ఫణి గారి డొమినియన్ వాదన నచ్చి.

ఫాల్స్‌చర్చ్ ఫణి | జూన్ 20, రాత్రి
పోయింది. సలీం గెలిచాడు. సుమారు 54, 46.

కోర్టు పక్షి | జూన్ 20, రాత్రి
ఇది ఒక్కచోటే కాదు. పక్క 36లో జార్జ్ బార్కర్ స్టెల్లా పెకార్‌స్కీ చేతిలో ఓడారు. పీటర్స్‌బర్గ్ వైపు జో మొరిసీని లష్‌క్రీస్ ఎయిర్డ్ చిత్తుగా ఓడించారు, అక్కడ గర్భస్రావం హక్కే ప్రధానం. క్రీ డీడ్స్ మాత్రం అంచు మీద బయటపడ్డారు. ఫణి గారూ, మే 8న మీరడిగిన ప్రశ్నకు ఇది కొంత జవాబు, ఆయన్నూ దులిపారు.

లౌడన్ లక్ష్మి | జూన్ 20, రాత్రి
మా దగ్గర సుహాస్ తేలిగ్గా గెలిచారు. 26లో కన్నన్ శ్రీనివాసన్. వాట్సాప్ గుంపులో నిశ్శబ్దం. నన్ను ఇంకా తీసేయలేదు.

నైట్‌షిఫ్టు నర్సు | జూన్ 21
ఫణి గారూ, సంబరం చేసుకోవడానికి రాలేదు. డొమినియన్ గురించి మీరు చెప్పింది నేను మరచిపోలేదు. పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్ వెబ్‌సైటులో ఎవరి చందా ఎంతో కనిపిస్తుంది. జనవరి నుంచి సలీం లెక్క నేనే చూస్తుంటాను. తప్పు చేస్తే ఇక్కడే రాస్తాను.

ఫాల్స్‌చర్చ్ ఫణి | జూన్ 21
రాయండి. నేనూ చూస్తాను. మీరు రాయడం ఒక్క రోజు ఆలస్యమైతే నేను రాస్తాను.

తెనాలి నుంచి | జూన్ 21
పదిహేనేళ్ల నుంచి ఉన్నాయన ఓడాడు. బస్సులు తగలబడలేదు, బంద్ లేదు, ఎవరూ టవరు ఎక్కలేదు. ఇది ఎన్నికేనా అన్నా?

హెచ్1 పద్నాలుగేళ్లు | జూన్ 22
శనివారాల్లో మొత్తం పంతొమ్మిది మందిని తీసుకెళ్లాను. ఒక పెద్దావిడ దిగేటప్పుడు "నీ బదులు నేను వేశాననుకో నాయనా" అన్నారు. ఎవరికి వేశారో అడగలేదు, మాటిచ్చాను కదా.

నవంబరు 7కు మళ్లీ వ్యాను నాదే. స్కూల్ బోర్డు ఓటు కూడా ఆ రోజే. పేర్లు ఇప్పుడే ఇవ్వండి.

గుంభనం | జూన్ 22
మేము నలుగురం.

వియన్నా ఓటరు | జూన్ 22
మేము ఇద్దరం. నాన్నగారికి ముందు సీటు కావాలి. ఐదున్నరకే రావాలట.